జానెడు ఇనుము: ట్రాక్టరు లోడరు బకెట్టు మార్పును గూర్చి ఒక పాఠము

భాష బోధించే వారికి ట్రాక్టరు బకెట్టుతో పనేమిటని ఈ శీర్షిక చూచిన విద్యార్థులు అనుకొనవచ్చును. సందేహం సహజమే. పద్యానికి ప్రతిపదార్థం చెప్పడం, సంధులు విడదీయడం మా వృత్తి. ఇనుప పలకను కోయడం, అతకడం మా వృత్తి కాదు. అయినను గత వేసవి సెలవులలో నాచారంలోని మా విద్యార్థి ఒకని ఇంటికి పోయి, వారి పెరటిలో నాలుగు దినాలు సాగిన ఒక పనిని మొదటి నుండి చివరి వరకు చూచాము. చూచిన తరువాత దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయడం మా విధి అని తోచినది. విజ్ఞానశాస్త్రం పుస్తకంలోనే ఉన్నదని, భాష తరగతి గదిలోనే ఉన్నదని మనము అనుకొనే పొరపాటును ఆ నాలుగు దినాలు కొంత సవరించినవి.

విషయం ఇది. ఆ విద్యార్థి తండ్రి లేడు. అన్న ఒక పాత ట్రాక్టరు నడిపి ఇంటిని పోషిస్తున్నాడు. ట్రాక్టరుకు ముందుభాగాన రెండు ఇనుప చేతులు, వాటి కొనన ఒక బకెట్టు అమర్చి ఉన్నవి. ఇసుక ఎత్తడం, కూల్చిన ఇండ్ల శిథిలాలు తీయడం, నగరం వెలుపలి తోటలకు పశువుల ఎరువు చేరవేయడం అతని పని. బకెట్టు పెదవి అరిగి వంకరలు పోయినది. "ఎట్లాగూ కోసి అతుకుతున్నాము గదా, ఒక జానెడు పొడుగు పెంచితే పది మార్లు ఎత్తేది ఎనిమిది మార్లలో అయిపోతుంది" అని అన్నగారి ఆలోచన. ఆ జానెడు ఇనుము పెంచవచ్చునా, పెంచరాదా అన్నదే ప్రశ్న. ప్రశ్న చిన్నదే కాని, ఆ ఇంటిలోని అయిదుగురి భుక్తి, ట్రాక్టరుపై కూర్చుండే ఒకని ప్రాణం దానిపై ఆధారపడి ఉన్నవి.

ఉప్పల్, నాచారం

ఉప్పల్, నాచారం ప్రాంతాలను తెలియని వారు మన కళాశాలలో ఉండరు. వరంగల్లు పోయే దారిలో ఉప్పల్ కూడలి, అక్కడి నుండి వాయవ్యంగా నాచారం, దానిని దాటితే మల్లాపురం. ఒకప్పుడు ఇవి చెరువులు, పొలాలు గల గ్రామాలు. తరువాత పారిశ్రామిక వాడలు వెలసినవి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో స్థాపితమై ఉప్పల్ రహదారిపై నిలిచినది. భారత సర్వే శాఖ వారి శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉన్నది. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం హైదరాబాదు మహానగర సంస్థలో కలిసినది. 2017 నుండి మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నాగోలు వరకు నడుస్తున్నది.

పెద్ద సంస్థల పేర్లు పటాలలో కనిపిస్తవి. వాటి చుట్టూ ఉన్న చిన్న షెడ్లు కనిపించవు. ఒక ఖరాదు యంత్రం, ఒక వెల్డింగు పెట్టె, ఒక గ్రైండరు, ఇద్దరు పనివారు ఉంటే చాలు, అది ఒక కార్ఖానా. గేట్లు, కిటికీ జాలీలు, నీటి ట్యాంకు స్టాండ్లు, ట్రాలీ తలుపులు అక్కడ తయారవుతవి. ఇంకా చిన్నవి ఇండ్ల పెరళ్ళలోనే ఉన్నవి. మేము చూచినది అటువంటి పెరడే. పని చేయుటకు వచ్చిన వృద్ధుడు నలభై ఏండ్లుగా ఇనుముతో బ్రతికినవాడు. ఇంటివారు ఆయనను "ఉస్తాద్" అని పిలిచారు. మేమూ అట్లే పిలిచాము. ఆయన కుడిచేతికి మూడు వ్రేళ్ళే ఉన్నవి. ఆ సంగతి తరువాత చెప్పెదము.

బకెట్టు నిర్మాణము

లోడరు బకెట్టు చూచుటకు మన ఇండ్లలోని చేట వలె ఉంటుంది. ముందు తెరపి, వెనుక ఎత్తు, రెండు ప్రక్కల గోడలు. అడుగు పలక, వెనుక పలక సాధారణ మెత్తని ఉక్కుతో చేస్తారు. నేలను తాకే ముందు అంచు మాత్రం గట్టి ఉక్కుతో, ఎక్కువ మందంతో ఉంటుంది. బియ్యం చెరిగే చేటకు అంచున బద్ద కట్టినట్లే ఇది. ఒరిపిడి అంతయు అంచు మీదనే పడుతుంది కనుక అంచు ముందుగా అరుగుతుంది.

బకెట్టు వెనుక రెండు జతల రంధ్రాలు, వాటిలో పిన్నులు ఉంటవి. ఒక జత ఇనుప చేతులకు, రెండవ జత బకెట్టును వంచే హైడ్రాలిక్ సిలిండరుకు. సిలిండరు లోపల నూనెను పంపు నెట్టుతుంది. మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ సూత్రం. సిలిండరు వ్యాసం 6 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి ఉంటే ఆ ఒక్క సిలిండరు 4,200 కిలోలకు పైగా బలంతో నెట్టగలదు. ఇంత బలం చేతిలో ఉన్నది గనుక ఎంత బరువైనను ఎత్తవచ్చునని నడిపేవారికి భ్రమ కలుగుతుంది. సిలిండరు ఎత్తగలిగిన దానినంతా ట్రాక్టరు మోయలేదు. ఈ రెంటికి గల భేదమే మన పాఠంలో ప్రధానమైనది.

జానెడు పెంచిన ఏమగును?

మా విద్యార్థి ఇంటర్మీడియటులో భౌతికశాస్త్రం చదివినవాడు. అన్నతో వాదించుట ఇష్టం లేక, ఒక పాత నోటుబుక్కులో లెక్క వేసి తెచ్చినాడు. దానిని ఇక్కడ వివరిస్తున్నాము.

బకెట్టు వెడల్పు 160 సెంటీమీటర్లు. అడుగు లోతు, అనగా వెనుక నుండి పెదవి వరకు, 70. వెనుక ఎత్తు 60. ప్రక్క నుండి చూస్తే దాదాపు త్రిభుజం. త్రిభుజ వైశాల్యం 0.21 చదరపు మీటరు. వెడల్పుతో గుణిస్తే ఘనపరిమాణం 0.336 ఘనపు మీటరు. ఒక ఘనపు మీటరు ఇసుక సుమారు 1,600 కిలోలు తూగుతుంది. కనుక బకెట్టు నిండా ఇసుక సుమారు 538 కిలోలు. లోడరుపై బిగించిన పలకలో మోయదగిన బరువు 600 కిలోలని ఉన్నది. ఇంతవరకు క్షేమమే.

ఇప్పుడు పెదవిని జానెడు, అనగా 20 సెంటీమీటర్లు పెంచినామనుకొనుడు. లోతు 90 అవుతుంది. ఘనపరిమాణం 0.432 ఘనపు మీటరు, ఇసుక 691 కిలోలు. అతికిన ఇనుము వేరుగా ఉన్నది. ఉక్కు ఒక ఘనపు మీటరుకు 7,850 కిలోలు. 12 మిల్లీమీటర్ల మందం గల జానెడు పలక 160 సెంటీమీటర్ల పొడవున సుమారు 30 కిలోలు. మొత్తం 721. మోయదగిన హద్దు ఇక్కడే దాటినది.

సంగతి ఇంతటితో ముగియలేదు. బరువు ఎంత అన్నది ఒక ప్రశ్న, ఎక్కడ ఉన్నది అన్నది మరొక ప్రశ్న. పిల్లలు ఊగే తూగుబల్లపై చివర కూర్చున్న పిల్లవాడు మధ్య కూర్చున్న పెద్దవానిని లేపగలడు. ట్రాక్టరుకు ముందు ఇరుసే తూగుబల్ల మధ్య ఉన్న దిమ్మె. బకెట్టు ఒక వైపు, ట్రాక్టరు బరువు మరొక వైపు. త్రిభుజాకారపు రాశికి గరిమనాభి అడుగున మూడవ వంతు దూరంలో ఉంటుంది. బకెట్టు వెనుక అంచు ఇరుసుకు 110 సెంటీమీటర్లు ముందున ఉన్నదనుకొంటే, మునుపటి ఇసుక బరువు 133 సెంటీమీటర్ల దూరంలో పనిచేసినది. పెంచిన పిమ్మట 140 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. కొత్త పలక బరువు అన్నిటికంటె ముందున, 190 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బరువును దూరంతో గుణించి చూస్తే మునుపు 716 కిలో-మీటర్లు, పిమ్మట సుమారు 1,024. పట్టే ఇసుక 29 శాతమే పెరిగినది. ట్రాక్టరును ముందుకు బోర్లవేసే శక్తి 43 శాతం పెరిగినది.

ముందుకు వంగే శక్తి పెరిగితే వెనుక చక్రాలపై భారం తగ్గుతుంది. సాధారణమైన ట్రాక్టరుకు నడిపే శక్తి వెనుక చక్రాలకే అందుతుంది, బ్రేకులు కూడ వాటికే. వెనుక తేలికయిన ట్రాక్టరు పల్లంలో నిలువదు. ఎత్తిన బకెట్టుతో మలుపు తిరిగితే ప్రక్కకు ఒరుగుతుంది. మరొక నష్టం కూడ ఉన్నది. బకెట్టు తిరిగే పిన్ను నుండి పెదవికి గల దూరం 75 నుండి 95 సెంటీమీటర్లకు పెరిగితే, గట్టి నేలను పెకలించే బలం దాదాపు అయిదవ వంతు తగ్గుతుంది. అన్న కోరినది ఎక్కువ పని. జానెడు ఇనుము ఇచ్చేది తక్కువ తవ్వకం, ఎక్కువ ప్రమాదం.

తమ్ముడు ఈ లెక్క చదివి వినిపించినప్పుడు అన్న కొంతసేపు ఏమియు అనలేదు. ఆ పిమ్మట, రెండేండ్ల క్రిందట ఒక వాననాడు తడి ఇసుక ఎత్తి పల్లంలోకి దిగుతుండగా వెనుక చక్రాలు నేలను విడిచిన సంగతి చెప్పినాడు. బకెట్టు వెంటనే దించడం వలన బ్రతికి బయటపడినాడట. అంతవరకు ఇంటిలో ఎవరికిని ఆ మాట చెప్పలేదు. వాకిట నిలుచున్న వారి తల్లి లోపలికి వెళ్ళిపోయినది.

ఉస్తాద్ ఆ లెక్క చదువలేదు. చదివించుకొని విని, "ఇనుము పెంచుడు అల్కనే సార్. పెంచినంక మోసేది ఎవరు?" అన్నాడు. నోటుబుక్కులోని రెండు పుటల సారం ఆ ఒక్క మాటలో ఉన్నది.

చేసిన పని

బకెట్టు పొడుగు పెంచరాదని తేలినది. అరిగిన అంచును మాత్రం పూర్వపు కొలతకు తేవలసి ఉన్నది. లారీ కమాను పట్టీలను ముక్కలుగా కోసి పళ్ళుగా అతికితే చౌక అని ఇరుగుపొరుగు వారు చెప్పినారు. ఉస్తాద్ ఒప్పుకొనలేదు. కారణం తెలిసికొనదగినది. మెత్తని ఉక్కులో కర్బనం సుమారు 0.2 శాతం. కమాను ఉక్కులో 0.5 శాతానికి మించి ఉంటుంది. కర్బనం ఎక్కువైన ఉక్కును తగినంత వేడి చేయకుండ అతికితే, అతుకు ప్రక్కన ఉన్న భాగం త్వరగా చల్లారి గాజు వలె పెళుసవుతుంది. చూచుటకు గట్టిగా ఉంటుంది, రాతికి తగిలిన మొదటి దెబ్బకు విరుగుతుంది. విరిగి ఎగిరిన ముక్క ఎవరికి తగులునో చెప్పలేము.

కనుక ఆయన వేరొక మార్గం ఎన్నుకొన్నాడు. ఆ క్రమాన్ని విద్యార్థులు గమనించవలెను.

మొదట బకెట్టును ట్రాక్టరు నుండి విప్పి దిమ్మెలపై బోర్లించారు. మట్టి, గ్రీజు, రంగు గోకి శుభ్రం చేశారు. అడుగు పలకలో రెండు చీలికలు బయటపడినవి. చీలిక కొనలో చిన్న రంధ్రం వేశారు. ఆ రంధ్రం చీలికను ముందుకు పోనీయదు. తరువాత చీలికను గ్రైండరుతో వెడల్పుగా దోసి, అడుగు నుండి నింపుకొంటూ వెల్డింగు చేశారు. పైపైన పూసిన అతుకు అతుకు కాదని ఆయన సిద్ధాంతం.

రెండవ దినం అరిగిన పెదవిని గ్యాసుతో కోసి తీసివేశారు. దాని స్థానంలో 16 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కు పలకను నిలిపారు. నిలిపిన పిమ్మట వెంటనే అతుకలేదు. ఒక దారం లాగి అంచు సూటిగా ఉన్నదో లేదో చూచారు. మూలకు మూల కర్ణాలు కొలిచి రెండును సమానమైనవని నిర్ధారించారు. దీర్ఘచతురస్రానికి కర్ణాలు సమానమని మనము పాఠశాలలో నేర్చిన సూత్రమే అది. ఆపైన అక్కడక్కడ చిన్న టాంకాలు వేసి, పలకను ఒక చివర నుండి మరొక చివరకు ఏకబిగిన అతుకక, కుడి, ఎడమ, మధ్య అని మార్చి మార్చి అతికారు. వేడి ఒకేచోట పోగుపడితే పలక వంకర తిరుగుతుంది. అతుకు కాలు 8 మిల్లీమీటర్లు ఉంటే నిజమైన మందం, దానినే అతుకు కంఠం అంటారు, అందులో 0.7 వంతు, అనగా 5.6 మిల్లీమీటర్లు మాత్రమే. బలాన్ని కొలవవలసినది కంఠంతో గాని కాలితో కాదు.

ఈ భారపు అతుకులకు ఇ 7018 రకం రాడ్లు వాడారు. ఇవి తేమను పీల్చుకొంటే అతుకులోనికి హైడ్రోజను చేరి తరువాత పగుళ్ళు పుట్టిస్తుంది. అందుచేత మూత తీసి ఉన్న పాత పెట్టెను ప్రక్కన పెట్టి, సీలు విప్పని కొత్త పెట్టెను అప్పటికప్పుడు తెరిచారు. సన్నని రేకు పనులకు ఇ 6013 రాడ్లు చాలునన్నారు.

మూడవ దినం గట్టి ఉక్కు అంచు వచ్చినది. రంధ్రాలతో సిద్ధంగా దొరికే పట్టీ అది. దానిని అతుకలేదు, కొత్త పలకకు బోల్టులతో బిగించారు. గట్టి ఉక్కును వేడి చేసే పని తప్పినది. ఒక వైపు అరిగితే పట్టీని త్రిప్పి రెండవ వైపు వాడుకొనవచ్చును. రెండు వైపులా అరిగితే పానాతో విప్పి కొత్తది బిగిస్తే చాలును, మళ్ళీ కోత, అతుకు అవసరం లేదు. ఈసారి కొంత ఖర్చు ఎక్కువైనను ముందు ముందు ఆదాయమే.

నాలుగవ దినం అన్న కోరిక మరొక రూపంలో నెరవేరినది. జానెడు ఇనుమును ముందుకు గాక పైకి పెంచవచ్చునని ఉస్తాద్ సూచించాడు. వెనుక గోడపై 20 సెంటీమీటర్ల ఎత్తున ఇనుప జాలీ, ప్రక్కలకు పలుచని రేకు. అన్నియు బోల్టులతో బిగించి విప్పదగినవి. జాలీ కనుక నడిపేవానికి ముందు అంచు కనబడుతుంది. ఎత్తినప్పుడు సామాను వెనుకకు దొర్లి వానిపై పడదు. వాటి బరువు 15 కిలోలకు మించలేదు. ఇప్పుడు బకెట్టులో 0.448 ఘనపు మీటరు పడుతుంది. పశువుల ఎరువు ఘనపు మీటరుకు సుమారు 700 కిలోలు లెక్కిస్తే మొత్తం 314 కిలోలు. గరిమనాభి ముందుకు జరుగలేదు. ఇసుక ఎత్తునప్పుడు జాలీ విప్పవలెను, ఎరువు ఎత్తునప్పుడు బిగించవలెను. అంతే నియమం.

జాగ్రత్తలు

ఉస్తాద్ చేతికి మూడు వ్రేళ్ళే ఉన్నవని చెప్పాము. ఆయన యౌవనంలో ఒకనాడు, ఎత్తి ఉన్న బకెట్టు క్రింద చేయి పెట్టి నూనె గొట్టం మర విప్పినాడు. నూనె చిమ్మినది, బకెట్టు దిగినది. ఆ కథ చెప్పడానికి ఆయనకు పది మాటలు పట్టలేదు. విన్న పిల్లలు మరువరు. ఎత్తిన బకెట్టును నూనె మోస్తున్నదని నమ్మరాదు. ఇనుప దిమ్మె ఆనించిన తరువాతనే, లేక నేలకు దించిన తరువాతనే దానిపై చేయి వేయవలెను. గొట్టంలో సన్నని చిల్లి ఉన్నదేమోనని చేతితో తడిమి చూడరాదు. ఆ ఒత్తిడిలో వెలువడే నూనె చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. అట్టముక్క పెట్టి చూడవలెను.

వెల్డింగు చేసే చోటికి దగ్గరగానే ఎర్తు పట్టు తగిలించవలెను. దూరాన తగిలిస్తే విద్యుత్తు పిన్నులు, సిలిండర్ల గుండా ప్రవహించి వాటిని పాడు చేస్తుంది. బకెట్టు ట్రాక్టరుకు తగిలి ఉండగా అతికితే బ్యాటరీ తీగ ముందుగా విప్పవలెను. జింకు పూత ఉన్న రేకును కాల్చిన పొగ జ్వరం తెప్పిస్తుంది, పూత గోకి తీయవలెను. నల్ల అద్దం లేకుండ మంటను చూచిన కన్ను ఆ రాత్రి ఇసుక పోసినట్లు మండుతుంది. ప్రక్కన నిలిచి చూచే పిల్లల కన్ను కూడ అంతే.

ఇంకొక మాట. బకెట్టు వేరు, వాహనం వేరు. ట్రాక్టరు చట్రానికి ఇష్టం వచ్చినట్లు అతుకులు వేయరాదు. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిర్దేశిస్తున్నది.

పెరటి పనుల గౌరవము

పెరటి పని అని చిన్నచూపు చూడరాదు. 1945లో ఇంగ్లండులోని యుటాక్సెటర్ పట్టణంలో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే వ్యక్తి ఒక చిన్న గ్యారేజిని అద్దెకు తీసుకొని, పాత వెల్డింగు యంత్రం ఒకటి కొని, యుద్ధకాలపు తుక్కు ఇనుముతో ఒక ట్రాలీ చేశాడు. ఆయన పేరులోని మూడు అక్షరాలే నేడు మన పల్లెలలో కూడ తవ్వే యంత్రానికి పేరైనవి. "జేసీబీని పిలువుడు" అనే రైతుకు అది ఒక మనిషి పేరని తెలియదు.

అంత దూరం పోనేల? మన తెలంగాణలోని నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుగోలు చేసేవారు. 19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో త్రికోణమితి సర్వేతో వచ్చిన భూగర్భశాస్త్రజ్ఞుడు వాయ్సీ ఆ పనిని చూచి వర్ణించాడు. పాశ్చాత్యులు దానిని వూట్జ్ అన్నారు. ఆ మాటకు మూలం తెలుగు, కన్నడాలలోని "ఉక్కు" అని పండితుల అభిప్రాయం. మన వారి ఉక్కు పారశీకానికి పోయినది. పారశీకపు "ఫౌలాదు" అనే మాట ఉర్దూ ద్వారా మన ఊళ్ళకు వచ్చినది.

మాటల సంగతి

ఆ పెరటిలో మేము విన్న మాటలను ఒక కాగితంపై వ్రాసుకొన్నాము. ఖరాదుకు తెలుగులో తరిమెన అనే పాత మాట ఉన్నది. రేతీకి ఆకురాయి, ఛేనీకి ఉలి, నిహాయికి దాగలి, గునియాకు మూలమట్టం. కమాను అనగా పారశీకంలో విల్లు. లారీ క్రింద వంగి ఉన్న పట్టీలకు ఆ పేరు ఎంత చక్కగా అమరినది! టాంకా అనగా ఉర్దూలో కుట్టు అనియు, లోహపు మాటు అనియు రెండు అర్థాలు. ఇనుమును కుట్టడమనే భావన అందులో ఉన్నది. ఉప్పల్ కలాన్ అనే ఊరిపేరులోని కలాన్‌కు పారశీకంలో పెద్దది అని అర్థం. ఉస్తాద్ నోట ఉర్దూ మాట వస్తే అన్న తెలుగులో బదులు చెప్పినాడు. పని మాత్రం ఎక్కడా ఆగలేదు.

నాచారానికి పడమరగా తార్నాక దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1917లో దాని అనువాద విభాగం, 1918లో విశ్వవిద్యాలయం మొదలైనవి. మౌల్వీ అబ్దుల్ హక్ మొదలైన వారి ఆధ్వర్యంలో శాస్త్రగ్రంథాలు ఉర్దూలోనికి వచ్చినవి, వేలాది పారిభాషిక పదాలు ఏర్పడినవి. తెలుగులో ఆ పని కొరకు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినది. అంతకు ముందే, 1962లో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో ప్రకటించినది. పండితులు కూర్చుండి కల్పించిన మాటలలో కొన్ని పుస్తకాలలో నిలిచినవి. పనివారు కల్పించుకొన్న మాటలు పనిలో నిలిచినవి. మన విద్యార్థులలో అనేకుల తండ్రులు, అన్నలు ఈ మాటలతోనే బ్రతుకుతున్నారు. వాటిని సేకరించి వ్రాసిపెట్టడానికి వారికంటె తగినవారు ఎవరు?

ముగింపు

నాలుగవ దినం సాయంత్రం పని ముగిసినది. రంగు వేయడం మిగిలినది. అప్పుడు మా విద్యార్థి ఒక సందేహం తెచ్చినాడు. జాలీ బిగించి ఉన్నప్పుడు అన్నకు మారుగా ఎవరైనా వచ్చి తడి ఇసుక నింపితే? తడి ఇసుక ఘనపు మీటరుకు 1,800 కిలోలు లెక్కించినా బరువు 800 దాటుతుంది. నియమం అన్నకు తెలుసును, బకెట్టుకు తెలియదు. కనుక బకెట్టుపై వ్రాయవలెను. ఏమి వ్రాయవలెనో చెప్పమని మమ్ములను అడిగినాడు.

మేము మొదట చెప్పిన వాక్యం పొడవైనది. "అదనపు జాలీ అమర్చబడి ఉన్న సమయమునందు" అని మొదలైనది. అన్న తల అడ్డంగా ఊపినాడు. ట్రాక్టరు నడిపేవాడు అంతసేపు ఆగి చదువడని అతని అభిప్రాయం. రెండవసారి కొంత తగ్గించాము. మూడవసారి "జాలీ ఉంటే ఇసుక నింపరాదు" అన్నాము. అదే నిలిచినది. ఉస్తాద్ తెలుగు చదువలేడు, ఉర్దూ చదువగలడు. కూలికి వచ్చే కుర్రవాడు ఉర్దూ చదువలేడు, తెలుగు చదువగలడు. కావున రెండు భాషలలోను వ్రాయవలెనని నిశ్చయించాము. ఉర్దూ వాక్యాన్ని ఉస్తాద్ చెప్పగా మా విద్యార్థి వ్రాసినాడు. తెలుగు వాక్యాన్ని మేమే కుంచె పట్టి వ్రాసినాము. అక్షరాలు అంత గుండ్రంగా రాలేదు.

ఇన్నేండ్లుగా మేము విద్యార్థులచే ఎన్నో వ్యాసాలు వ్రాయించాము, వాటిలో తప్పులు దిద్దాము. మా వాక్యాన్ని మా విద్యార్థి అన్న దిద్దడం ఇదే మొదటిసారి. ఒక మనిషి ప్రాణం దానిపై ఆధారపడి ఉన్నది గనుక ఆ దిద్దుబాటును సంతోషంగా స్వీకరించాము. విద్యార్థులారా, మీ ఇంటి పెరటిలో జరిగే పనిని ఒక మారు నోటుబుక్కు పట్టుకొని చూడుడు. అక్కడ భౌతికశాస్త్రం ఉన్నది, గణితం ఉన్నది, రెండు భాషలు ఉన్నవి. వచ్చే సంచికకు వ్యాసం కూడ అక్కడే ఉన్నది.